ఎండ దెబ్బ ముందు ఎవరికి: పురుగుకా, దాని ఒంట్లోని బాక్టీరియాకా?

హైదరాబాద్‌లో పెరట్లోనో మిద్దె మీదో చిక్కుడు పందిరి వేసినవాళ్లకు పేనుబంక అనే చిన్న పురుగు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. చలికాలంలో లేత కొనల మీద, పూగుత్తుల మీద మసి పూసినట్టు నల్లగా పట్టేస్తుంది. తాకితే చేతికి జిగురు, ఆ జిగురు కోసం చీమల బారులు. ఎండలు ముదిరేసరికి అదే పందిరి మీద పలచబడిపోతుంది. తీగ ముదరడం, అక్షింతల పురుగులు తినేయడం లాంటి కారణాలు ఉండనే ఉన్నాయి. ఎండ వరకే చూస్తే మాత్రం, చాలాసార్లు ముందు దెబ్బతినేది పురుగు కాదు, దాని ఒంట్లో కాపురమున్న బాక్టీరియా.

పేనుబంక తాగేది మొక్క రసం. అందులో చక్కెర దండిగా ఉంటుంది. ఒంటికి పట్టగా మిగిలి బయటికొచ్చేదే ఆ జిగురు. ప్రోటీన్లకు కావలసిన అమైనో ఆమ్లాలు మాత్రం ఆ రసంలో చాలవు. ఆ లోటు తీర్చేది బుక్నేరా అనే బాక్టీరియా. దాన్ని పెట్టుకోవడానికి పురుగు ఒంట్లో ప్రత్యేక కణాలే ఉన్నాయి. తల్లి నుంచి పిల్లలకు నేరుగా అందుతుంది, బయట బతకలేదు. కోట్ల ఏళ్లుగా ఇలా నీడపట్టున ఉండి తన జన్యువులు చాలా వరకు పోగొట్టుకుంది. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు దాని డీఎన్‌ఏ మొత్తం చదివితే తేలింది సుమారు 6.4 లక్షల అక్షరాలే. దాని చుట్టమైన, మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియాకు దాదాపు 46 లక్షలున్నాయి. వేడికి ప్రోటీన్లు చెడకుండా కాపాడే ఏర్పాట్లు కూడా ఆ పోయినవాటిలో ఉన్నాయి.

మిగిలిన కాసినిలో ఒకదానికి ఏమైందో 2007లో అమెరికాలో నాన్సీ మోరాన్ బృందం చూపించింది. బఠానీ మొక్కల మీది పేనుబంకలో, వేడి తగిలినప్పుడు పనిచేయాల్సిన ఒక జన్యువు ముందు ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం ఎగిరిపోయిన బుక్నేరా వాళ్లకు దొరికింది. అలాంటి బుక్నేరా ఉన్న పిల్ల పురుగులను నాలుగు గంటలు 35 డిగ్రీల్లో ఉంచారు. అవి పెరిగి పెద్దయ్యాయి గానీ పిల్లలను పెట్టలేదు, పెట్టినా ఒకటీ అరా. 35 డిగ్రీలంటే మనకు మార్చి మధ్యాహ్నం! మన చిక్కుడు మీది నల్ల పేనుబంక వేరే జాతి కాబట్టి ఆ అంకెను ఇక్కడ అలాగే దించేయకూడదనుకోండి. మరి ఇంత చెడ్డ లోపం ఎలా నిలిచింది? చల్లని వాతావరణంలో అదే లోపమున్న పురుగులు మిగతావాటి కంటే బాగా పిల్లలను పెట్టాయి. 2015లో ఇదే బృందం ఇంకో అడుగు వేసి, ఒక పురుగులోని బుక్నేరా తీసేసి వేరే పురుగులోని బుక్నేరా ఎక్కించింది. దాంతో పురుగు వేడిని తట్టుకునే శక్తి కూడా మారిపోయింది.

ఇది పేనుబంక ఒక్కదాని గొడవ కాదు. నలిపితే కంపుకొట్టే ఆకుపచ్చ పురుగును జపాన్‌లో బయటి కంటే 2.5 డిగ్రీలు ఎక్కువ వేడిలో పెంచారు. వేసవిలో పురుగులు చిన్నగానే ఉండిపోయాయి, రంగు మారాయి, పేగులోని బాక్టీరియా తగ్గిపోయింది. వేడి పెంచకుండా ఉత్త యాంటీబయాటిక్‌తో ఆ బాక్టీరియాను తగ్గించినా అవే లక్షణాలు! 2016లో వచ్చిన ఈ ఫలితం నాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యంగా కనిపిస్తుంది.

పంట పురుగు సంతానం తగ్గితే మనకు సంతోషమే. దోమ దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. డెంగీ దోమ ఒంట్లో బాక్టీరియా నిలవడమే మనకు మేలు. వోల్బాకియా అనే బాక్టీరియాను ఎక్కిస్తే ఆ దోమలో డెంగీ వైరస్ సరిగా పెరగదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తలో ఇలాంటి దోమలు వదిలిన చోట డెంగీ 77 శాతం తగ్గింది. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కేంద్రం మన దేశపు దోమల్లోకి రెండు రకాల వోల్బాకియాను ఎక్కించినట్టు 2022లో ప్రకటించింది.

వాటిలో యోగ్యకర్తలో వాడిన డబ్ల్యూమెల్ రకం వేడికి ఓర్వదు. 2017లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దోమలను రోజూ 26 నుంచి 37 డిగ్రీల మధ్య పెంచితే దోమ ఒంట్లో వోల్బాకియా బాగా పడిపోయింది. లార్వా నీళ్లలో పెరుగుతుంది కాబట్టి, గాలి వేడి కన్నా నీళ్ల వేడి ముఖ్యం. మేలో మిద్దె మీద ఎండలో ఉన్న డ్రమ్ములో నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. అదే కింద వరండాలో తిరుగుతున్న కూలర్‌లో నీళ్లు ఆవిరవుతూ చల్లగా ఉంటాయి. అంటే ఒకే ఇంట్లో, డ్రమ్ములో పుట్టిన దోమకు వోల్బాకియా పోవచ్చు, కూలర్‌లో పుట్టినదానికి నిలవచ్చు.

రెండో రకం డబ్ల్యూఆల్బ్‌బీ వేడిని బాగా తట్టుకుంటుంది. కౌలాలంపూర్‌లో దాన్నే వాడారు. హైదరాబాద్‌కు అదే సరైందని వెంటనే అనిపిస్తుంది. కానీ డెంగీ దోమ గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి డ్రమ్ము గోడకు అంటుకుని వానల కోసం కాచుకుని ఉంటాయి. ఈ రకం వోల్బాకియా ఉన్న గుడ్లు అలా ఎక్కువ కాలం ఎండి ఉంటే, వాటి నుంచి వచ్చిన ఆడ దోమల్లో చాలావాటికి సంతానం ఉండదని 2021లో తేలింది. మనకు ఏడాదిలో మండే ఎండలూ ఉన్నాయి, నెలల తరబడి చినుకు పడని కాలమూ ఉంది. ఇక్కడ దోమలు వదలాలనుకునేవాళ్లు ముందు మిద్దెల మీది డ్రమ్ముల్లోనూ కూలర్లలోనూ థర్మామీటర్ పెట్టి చూడాలి.