'మీ కమిషనర్ చేత ఒక్క ఫోన్ చేయించండి': ఇంగ్లండ్ పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్లపై అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ఓట్లతో గెలిచే పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్ ఆఫీసు ఒకదానిలో జనం పంపే అర్జీలు చూడటం నా పని. మన తెలుగువాళ్ల దగ్గర నుంచి తరచూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: కమిషనర్ చెబితే పోలీసులు వినాల్సిందే.

ఊళ్లో ఎస్సై దగ్గర పని కాకపోతే ఎమ్మెల్యే చేత ఫోన్ చేయిస్తాం కదా, ఆ అలవాటు ఇక్కడికీ వస్తుంది. ఇంట్లో బంగారం పోతుంది. కొన్నాళ్లకు 'ఆధారాలు దొరకలేదు, కేసు మూసేస్తున్నాం' అని పోలీసుల మెయిల్ వస్తుంది. వెంటనే మాకు అర్జీ: 'కమిషనర్ గారి చేత ఒక మాట చెప్పించండి.' చెప్పించలేం. ఎవరిని అరెస్టు చేయాలి, ఏ కేసు ఎంత లోతుగా తవ్వాలి, గస్తీ ఎక్కడ తిరగాలి అన్నవన్నీ చీఫ్ కానిస్టేబుల్ (పేరు అలా ఉన్నా, ఆ ప్రాంత పోలీసు దళానికి అధిపతి) నిర్ణయాలు. యూనిఫాం ఉండేది ఆయనకే. కమిషనర్ మన హైదరాబాద్ కమిషనర్‌లా ఐపీఎస్ అధికారి కాదు. అసలు ఉద్యోగంలో ఉన్న పోలీసు ఈ పదవికి పోటీ చేయడానికే వీల్లేదు.

అలాగని ఆ అర్జీ బుట్టదాఖలు కాదు. ఒకే పేట నుంచి అలాంటివి వరసగా వస్తే, 'ఆసియా కుటుంబాల ఇళ్లలో బంగారం దొంగతనాల మీద ఏం చేస్తున్నారు?' అని కమిషనర్ చీఫ్ కానిస్టేబుల్‌ను నిలదీయొచ్చు. తాను ప్రకటించే పోలీసు ప్రణాళికలో దాన్ని చేర్చొచ్చు. కాబట్టి 'నా కేసు' అని రాసేకన్నా 'మా వీధిలో ఇలా జరుగుతోంది' అని నలుగురూ కలిసి రాస్తే మా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

అపోహ: అయితే ఉత్సవ విగ్రహమే.

బడ్జెట్ ఆయన చేతిలో ఉంది. మీ కౌన్సిల్ టాక్స్ బిల్లులో పోలీసులకని విడిగా కనిపించే మొత్తాన్ని ప్రతిపాదించేది ఆయనే. ప్రధానంగా స్థానిక కౌన్సిలర్లు ఉండే ప్యానెల్ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒకసారి దాన్ని తిప్పికొట్టగలదు, అంతే. నేర బాధితులకు సాయం చేసే సంస్థలకు నిధులిచ్చేదీ ఆయనే. గృహహింస కేసుల్లో మన ఆడవాళ్లకు ఆసరా అయ్యే సేవలు చాలావరకు ఈ డబ్బుతో నడిచేవే.

చీఫ్ కానిస్టేబుల్‌ను నియమించే, సాగనంపే అధికారం కూడా ఉంది. కానీ అది ఇష్టారాజ్యం కాదు. 2016లో హిల్స్‌బరో (ఫుట్‌బాల్ స్టేడియం తొక్కిసలాట మరణాల) విచారణ తీర్పు వచ్చాక సౌత్ యార్క్‌షైర్ కమిషనర్ తమ చీఫ్ కానిస్టేబుల్‌ను పక్కన పెట్టి, రాజీనామా అడిగారు. మరుసటి ఏడాది హైకోర్టు అది చట్టవిరుద్ధమంది.

అపోహ: కమిషనర్ తప్పు చేస్తే హోం మంత్రి తీసేస్తారు.

తీసేయలేరు. 2014లో రోథర్‌హామ్ పిల్లలపై లైంగిక అకృత్యాల నివేదిక బయటికొచ్చింది. అంతకుముందు అదే ఊరి కౌన్సిల్‌లో పిల్లల సేవలు చూసిన షాన్ రైట్ అప్పటికి సౌత్ యార్క్‌షైర్ కమిషనర్‌గా ఉన్నారు. నాటి హోం మంత్రి థెరిసా మే సహా అందరూ దిగిపొమ్మన్నారు. దింపే దారి చట్టంలో ఎవరికీ లేదు. చివరికి ఆయనే రాజీనామా చేశారు. జైలు శిక్షకు వీలున్న నేరం రుజువైతే మాత్రం పదవి పోతుంది. నా దృష్టిలో ఈ వ్యవస్థలో పెద్ద లొసుగు ఇదే.

అపోహ: ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఓటు లేదు.

ఉంది. కామన్వెల్త్ పౌరులు కాబట్టి, ఇక్కడ చట్టబద్ధంగా ఉంటూ పేరు నమోదు చేసుకుంటే చాలు, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు కూడా. పోలింగ్ బూత్‌లో గుర్తింపు కింద ఇండియన్ పాస్‌పోర్టే చెల్లుతుంది. 2012లో జరిగిన తొలి ఎన్నికల్లో పోలింగ్ 15 శాతం దగ్గరే ఆగింది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకే ఈ పదవి పట్టలేదు, మనల్ని అని లాభం లేదు!

అపోహ: బ్రిటన్ అంతటా ఉంటారు.

లేరు. లండన్, గ్రేటర్ మాంచెస్టర్ లాంటి చోట్ల ఆ పని మేయర్‌ది. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్‌లలో పద్ధతే వేరు.

అపోహ: పదవి రద్దయిందటగా, ఇక రాసి లాభమేంటి?

రద్దు చేస్తామని ప్రభుత్వం 2025 నవంబర్‌లో ప్రకటించిన మాట నిజమే. కానీ ఇప్పుడున్న కమిషనర్ల గడువు 2028 మే దాకా ఉంది. ఆ తర్వాత ఈ బాధ్యతలు మేయర్లకో, కౌన్సిల్ నేతలకో వెళ్తాయట.

ఈలోగా పోలీసుల తీరు మీద ఫిర్యాదు ఉంటే ముందు పోలీసు శాఖకే ఇవ్వండి. వాళ్ల జవాబు నచ్చకపోతే 28 రోజుల్లో రివ్యూ అడగొచ్చు. ఫిర్యాదును బట్టి అది కమిషనర్ ఆఫీసుకో, పోలీసుల మీద ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థకో వెళ్తుంది. ఎవరికి పంపాలో ఆ జవాబు లేఖలోనే రాసి ఉంటుంది.