తాతయ్య రిపోర్టు గురించి

హబ్సిగూడ, హైదరాబాద్

చిన్నూ, బుజ్జీ,

నిన్న ఫోన్లో చిన్నూ అడిగిన మాట రాత్రంతా నా మనసులోనే ఉంది. "తాతయ్య రిపోర్టులో మ్యుటేషన్ అని వచ్చిందట కదా అమ్మమ్మా, అది మాక్కూడా వస్తుందా?" డాక్టర్‌ను నేనూ ముందు అదే అడిగాను. రాదు నాన్నా. క్యాన్సర్ వచ్చిన తాతయ్య పెద్దపేగులో, ఒక కణంలోని జన్యువులో, ఆయన పెద్దయ్యాక ఎప్పుడో జరిగిన మార్పు అది. పుట్టుకతో వచ్చింది కాదు కాబట్టి అమ్మకు గానీ మీకు గానీ అందలేదు. వంశంలో దిగివచ్చే రకం వేరే ఉంది, లించ్ సిండ్రోమ్ అంటారు. దాని ఆనవాళ్ల కోసం గడ్డ ముక్కకు పరీక్ష చేశారు, లేవని వచ్చింది.

తాతయ్యకు మారిన జన్యువు పేరు కేరాస్. మన ఇంటి కాలింగ్ బెల్ తలుచుకోండి. బయట బటన్ నొక్కితేనే లోపల మోగుతుంది. కణం పైన కూడా ఈజీఎఫ్ఆర్ అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కినప్పుడు 'పెరుగు' అనే కబురు లోపలికి చేరవేసి, కేరాస్ మళ్లీ ఊరుకోవాలి. మ్యుటేషన్ వచ్చిన కేరాస్ ఊరుకోదు. ఎవరూ నొక్కకపోయినా బెల్ మోగుతూనే ఉంటుంది, కణాలు పెరుగుతూనే ఉంటాయి. పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన 100 మందిలో సుమారు 40 మందికి ఇలా ఉంటుందట.

సెటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఆ బటన్‌ను మూసేస్తుంది. లోపల తీగే చెడితే బటన్ మూసి ఏం లాభం? అందుకే తాతయ్యకు అది ఇవ్వరు. ఆలస్యమవుతోందని మామయ్య బాధపడ్డాడు గానీ, రిపోర్టు కోసం ఆగిన రోజులు నాకు వృథా అనిపించలేదు. పనిచేయని మందుకు డబ్బు పోయేది, దాని దద్దుర్లు కూడా ఆయనే భరించాల్సి వచ్చేది. ఇప్పుడు కీమోతో పాటు బెవాసిజుమాబ్ ఇస్తున్నారు. అది గడ్డకు రక్తం తెచ్చే కొత్త నాళాలు పుట్టకుండా అడ్డుపడుతుంది.

కేరాస్‌కే నేరుగా మందు ఎన్నో ఏళ్లు దొరకలేదు. ఈమధ్యే జీ12సీ అనే ఒక రకం కేరాస్ మ్యుటేషన్‌కు వచ్చింది. తాతయ్యది జీ12డీ. అమీర్‌పేటలో మెట్రో మారుతూ రిపోర్టులో ఆ ఒక్క అక్షరం చూసి ఏడ్చాను, మీ దగ్గర దాచను. లివర్‌కు కూడా పాకింది. పూర్తిగా తగ్గుతుందని డాక్టర్ మాటివ్వలేదు, గడ్డ పెరగకుండా చూద్దామన్నారు.

ఇంకొక్క పని. మ్యుటేషన్ అందకపోయినా, తండ్రికి వచ్చింది కాబట్టి 40 దాటిన అమ్మ కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష, చేయించుకోవాలి. ఈ జబ్బు చాలావరకు పేగు లోపలి గోడ మీద చిన్న బుడిపెలా, అంటే పాలిప్‌గా మొదలై, ముదరడానికి 10 ఏళ్ల దాకా పడుతుంది. ముందే కనబడితే అప్పుడే తీసేస్తారు. సెలవు దొరకలేదని అమ్మ ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేసింది. డేట్ తీసుకునేదాకా మీరిద్దరూ వదలకండి. ఆ రోజు మీకు తోడుగా నేను వచ్చి ఉంటాను.

మీ అమ్మమ్మ