కానక్ చేజ్ బీడు కింద మొదటి ప్రపంచ యుద్ధం

ఇంగ్లాండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో కానక్ చేజ్ అనే పెద్ద బీడు ప్రాంతం ఉంది. ఇసుక, గులకరాళ్ల నేల. హెదర్ పొదలు, గడ్డి బాగా పెరుగుతాయి గానీ పంటలకు పనికిరాదు. 1914లో బ్రిటన్ యుద్ధమంత్రి కిచెనర్ పిలుపు విని లక్షల మంది సైన్యంలో చేరినప్పుడు, వాళ్లను ఎక్కడ ఉంచి తర్ఫీదు ఇవ్వాలన్నది ప్రభుత్వానికి టెన్షన్ అయింది. పండే పొలాలను తవ్వితే తిండికి కష్టం. అందుకే ఇలాంటి నేలల మీద కన్నుపడింది. బ్రాక్టన్, రూజ్‌లీ పేర్లతో ఇక్కడ రెండు భారీ శిబిరాలు లేచాయి. వాటికి సొంత రైలు మార్గం, ఆసుపత్రి కూడా ఉండేవి.

ఫ్రాన్స్‌కు వెళ్లేముందు సైనికులు ఇక్కడే కందకాలు తవ్వడం నేర్చుకున్నారు. వాటిని కావాలనే వంకరటింకరగా తవ్వేవారు. తిన్నగా ఉంటే ఒక చివర చొరబడ్డ శత్రువు రెండో చివరిదాకా కాల్చేయగలడు. ఫిరంగి గుండు పేలినా దాని దెబ్బ చాలా దూరం పాకుతుంది.

వీటన్నిటిలో నాకు వింతగా అనిపించేది మెస్సీన్ నమూనా. బెల్జియంలోని ఆ ఊరిని 1917 జూన్ 7న న్యూజిలాండ్ దళాలు పట్టుకున్నాయి. మరుసటి ఏడాది బ్రాక్టన్‌లో ఆ ఊరిని, చుట్టూ ఉన్న కందకాలతో సహా, చిన్న సైజులో నేలమీద కట్టించారు. కట్టింది ఎవరో కాదు, జర్మన్ యుద్ధ ఖైదీలు! తమవాళ్లు ఓడిన చోటును వాళ్ల చేతులతోనే కట్టించారన్నమాట. 2013లో దాన్ని తవ్వి, లేజర్‌తో కొలతలు తీసి, మళ్లీ మట్టి కప్పేశారు. చూడాలనుకునేవాళ్లకు నిరాశే అయినా, ఎండావానల నుంచి కాపాడాలంటే అదే సరైన పని.

యుద్ధం అయ్యాక శిబిరాలను విప్పేశారు. నేలను ఎవరూ దున్నలేదు కాబట్టి గుంతలు, గట్లు అలాగే మిగిలాయి. నడిచేవాడి కంటికి అవి ఉత్త పల్లాలే. పైనుంచి, అదీ పొద్దు వాలినప్పుడు తీసిన ఫోటోల్లో, నీడల వల్ల కందకాల గీతలు తేలతాయి. హాంప్‌షైర్‌లోని బ్రౌన్‌డౌన్ బీడులో తర్ఫీదు కందకాలు 2014లో వెలుగులోకి వచ్చింది కూడా 1950ల నాటి ఓ విమాన ఫోటో వల్లే.

కానక్ చేజ్‌లో చెట్లు కమ్మేసిన చోట ఫోటోలు సరిపోలేదు. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తుపల్లాలు కొలిచే లైడార్ సర్వే ఆ లోటు తీర్చింది. ఆకుల సందుల్లోంచి నేలను తాకి వచ్చిన కిరణాలను వేరుచేస్తే, చెట్లు లేని నేల మ్యాప్ వస్తుంది. అయితే గుంత ఏ కాలానిదో లైడార్ చెప్పదు. ఇక్కడ పాత బొగ్గు గుంతలూ ఉన్నాయి. అందుకే పాత ఫోటోలతో, పత్రాలతో పోల్చి, నేలమీదికి వెళ్లి చూసుకోవాల్సిందే.