అక్వేరియం రొయ్యలు: మన దగ్గరి అపోహలు, అసలు వాస్తవాలు

నల్గొండలో అక్వేరియం షాపు నడుపుతున్నాను. ఈ మధ్య చెర్రీ రొయ్యలు (తొట్టిలో పెంచుకునే చిన్న ఎర్ర మంచినీటి రొయ్యలు) అడిగేవాళ్లు పెరిగారు. వాటితో పాటే ఈ మాటలూ వింటున్నాను.

అపోహ: ఆర్వో నీళ్లయితే రొయ్యలకు ఢోకా లేదు.

వాస్తవం: ఫ్లోరైడ్ చూసిన జిల్లా కదా, ఆర్వో క్యాన్ మీద నమ్మకం ఎక్కువ. తాగడానికి సరే. కానీ రొయ్య గుల్ల కట్టాలంటే కాల్షియం, మెగ్నీషియం కావాలి. ఆర్వో మిషన్ వాటినీ తీసేస్తుంది. అవి చాలకపోతే గుల్ల సరిగా విడవలేక, మెడ చుట్టూ తెల్లటి పట్టీ పడి చచ్చిపోతాయి. అలాగని ఉప్పు బోరు నీళ్లు నేరుగా పోయొద్దు. రెండూ కలిపి టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత) 200-300 పీపీఎం మధ్యకు తెచ్చుకుంటే చాలు. ఎండాకాలం ఆవిరైపోయిన మేరకు మాత్రం ఆర్వో నీళ్లే పోయండి, ఖనిజాలు ఎలాగూ తొట్టిలోనే మిగిలుంటాయి.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే రొయ్యలు వేసేయొచ్చు.

వాస్తవం: వ్యర్థాలు కుళ్లితే పుట్టే అమ్మోనియా అనే విషం కంటికి కనపడదు. దాన్ని అరిగించే బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, అది మారగా వచ్చే నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఆగండి.

“అన్నా, ఒకటి పోయింది” అని ఫొటో పంపిస్తారు. చూస్తే చాలాసార్లు అది విడిచిన గుల్లే. అద్దంలా ఖాళీగా, వీపు దగ్గర చీలి ఉంటుంది. నిజంగా చచ్చిన రొయ్య అయితే లోపల మాంసం పాలిపోయి కనిపిస్తుంది. గుల్లను తీసేయకండి, మిగతావి కొరుక్కు తింటాయి.

అపోహ: చేపల మందు రొయ్యలకూ పనిచేస్తుంది.

వాస్తవం: వాటిని చంపేది చాలాసార్లు ఆ మందే. కొన్ని చేపల మందుల్లో రాగి ఉంటుంది. బత్తాయి తోటలున్నవాళ్లకు బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తం తెలుసు కదా, అందులోదీ అదే రాగి. చేప ఓర్చుకునే మోతాదుకే రొయ్య పోతుంది. సీసా మీద ‘కాపర్’ అని ఉందేమో చూడండి. దోమల లిక్విడ్ కూడా అంతే ప్రమాదం. ఎయిర్ పంపు పీల్చేది ఆ గదిలో గాలినే, అది బుడగలతో పాటు నీళ్లలోకి చేరుతుంది. తొట్టి ఉన్న గదిలో దాన్ని పెట్టకండి.

అపోహ: ఆదివారం ఆదివారం నీళ్లన్నీ మార్చాలి.

వాస్తవం: పదో వంతు మారిస్తే చాలు. నల్లా నీళ్లయితే ముందే క్లోరిన్ పోగొట్టాలి. స్పాంజ్ ఫిల్టర్‌ను నల్లా కింద కడిగితే బ్యాక్టీరియా పోతుంది. తీసిన తొట్టి నీళ్లలోనే పిండండి.

మేత సంగతి తేలిక. నాచు వాటికి ఎప్పుడూ ఉంటుంది. ఉడికించిన పాలకూర ముక్క అప్పుడప్పుడు వేయొచ్చు, పురుగుమందు కొట్టనిది దొరికితేనే. మిగిలింది రెండు మూడు గంటల్లో తీసేయండి.