బొమ్మల సీరియల్లో రక్తపాతం, దాన్ని చూసి నవ్వే పిల్లలు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు పొగతోటలో పిల్లలకు, టీనేజీ వాళ్లకు కౌన్సెలింగ్ చేసే సైకాలజిస్టుని నేను. ఇటు కావలి, అటు గూడూరు, ఒంగోలు నుంచి కూడా వస్తుంటారు. మార్కులు, సెల్‌ఫోన్, మాట వినకపోవడం గురించి చెప్పడం అయ్యాక చాలామంది తల్లులు గొంతు తగ్గించి "ఇంకోటి మేడం" అంటూ ఫోన్ తీసి చూపిస్తున్నారు. చూస్తే అదో యానిమేషన్ సిరీస్ క్లిప్. తల తెగి పడుతుంది, గోడంతా రక్తం. దాన్ని స్టేటస్‌గా పెట్టుకుని, కింద నవ్వుతున్న బొమ్మలు పెట్టింది వాళ్ల అబ్బాయే. కొన్నిసార్లు అమ్మాయి.

ఈ సిరీస్‌లు ఇప్పుడు తెలుగు డబ్బింగుతోనూ వస్తున్నాయి. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగులో థియేటర్లకు వచ్చాక, అంతకుముందు యానిమే (జపాన్ యానిమేషన్‌ని అలా అంటారు) అన్న మాటే వినని అమ్మానాన్నలు కూడా నన్ను అడగడం మొదలుపెట్టారు. ఎక్కువగా వినపడే అపోహలు ఇవి. కొన్ని పెద్దవాళ్లవి, కొన్ని పిల్లలవి.

అపోహ: బొమ్మలతో తీశారంటే చిన్నపిల్లల కోసమే.

వాస్తవం: కాదు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం మన దేశంలో ఓటీటీలో వచ్చేవాటికి వయసు రేటింగ్ ఇవ్వాలి: యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ. బొమ్మలని మినహాయింపేమీ లేదు. యు/ఎ 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ సదుపాయం ఉండాలి, 'ఎ' అయితే వయసు నిర్ధారించుకునే ఏర్పాటు కూడా ఉండాలి. ఎపిసోడ్ మొదలయ్యేటప్పుడు ఓ మూల రేటింగ్, పక్కనే 'హింస' అన్న మాట కనిపిస్తుంది. అది చదవడానికి రెండు సెకన్లు చాలు. అయితే అదే సీన్‌ను ఎవరో కత్తిరించి రీల్‌గా పెడితే దాని వెంట రేటింగ్ రాదు. పిల్లలు ఎక్కువగా చూస్తున్నవి ఆ ముక్కలే. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

అపోహ: రక్తం చూసి నవ్వుతున్నాడంటే వాడికి జాలి లేదు.

వాస్తవం: నేను ఎక్కువ సమయం పెట్టి మాట్లాడాల్సి వచ్చేది దీని గురించే. వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. తొమ్మిదో తరగతి అబ్బాయి, హాస్టల్లో ఉంటాడు. తండ్రికి రొయ్యల చెరువులు. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది: "ఒక తల్లిని రాక్షసుడు కొరికి తింటా ఉంటే నవ్వుతా ఉన్నాడు మేడం. అట్టాంటి పిలకాయని ఇంట్లో ఎట్టా పెట్టుకునేది?"

ఆమె చెప్పిన సీన్ 'అటాక్ ఆన్ టైటన్' మొదటి ఎపిసోడ్‌లోది. 2013లో మొదలై 2023లో ముగిసిన జపాన్ సిరీస్ అది. అబ్బాయితో ఒంటరిగా మాట్లాడాను. మొదటిసారి ఎక్కడ చూశావని అడిగితే, రాత్రి హాస్టల్లో, వార్డెన్‌కి కనపడకుండా దుప్పటి కింద, నలుగురూ ఒకే ఫోన్లో చూశామన్నాడు. అప్పుడు నవ్వొచ్చిందా అన్నాను. చాలాసేపు ఊరుకున్నాడు. "లేదు మేడం. ఎవురూ మాట్లాడలా. తర్వాత ఒకడు జోక్ వేశాడు. అందరం నవ్వేశాం."

ఆ సీన్లో నీకు బాగా గుర్తున్నది చెప్పమన్నాను. రక్తం గురించి చెప్పలేదు. "ఇల్లు కూలి వాళ్లమ్మ కాళ్లు ఇరుక్కుపోతాయి మేడం. కొడుకుని పారిపొమ్మని అరుస్తది. వాణ్ణి ఎత్తుకుని పోతా ఉంటే మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నన్నొదిలి పోవద్దు అంటది. వాళ్లకి వినపడకుండా." తల్లి నోటికి అడ్డం పెట్టుకున్న చేతిని పట్టించుకున్న పిల్లవాడికి జాలి లేదని నేనెలా అనగలను? ఆ మాట వాడి అనుమతితోనే తల్లికి చెప్పాను. ఆమె అడిగింది, "ఆ తల్లి బతికిద్దా మేడం?" అని. లేదని అబ్బాయే చెప్పాడు. ఆ సీరియల్ గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.

టీనేజీలో నవ్వు చాలాసార్లు భయాన్ని కప్పుకునే దుప్పటి. నలుగురిలో ఏడిస్తే పరువు పోతుంది, అందుకని నవ్వుతారు. ఇది మన పిల్లల్లోనే కాదు. 2007 సెప్టెంబరులో జపాన్‌లో పదహారేళ్ల అమ్మాయి తండ్రిని గొడ్డలితో చంపిన ఘటన జరిగింది. ఆ వారమే 'స్కూల్ డేస్' అనే సిరీస్ చివరి ఎపిసోడ్ రావాలి. అందులోనూ హత్య ఉంది. దాంతో ఎపిసోడ్‌ని ఆపి, ఒక ఛానెల్ బదులుగా సంగీతంతో ప్రకృతి దృశ్యాలు వేసింది. వాటిలో ఒక పడవ వచ్చింది. "పడవ బాగుంది" అని ఇంటర్నెట్లో ఎవరో రాసిన మాట ప్రపంచమంతా అభిమానుల జోక్ అయింది. ఆ జోక్ వేసినవాళ్లంతా హత్యను మెచ్చుకున్నారని ఎవరూ అనలేరు. భరించడానికి కష్టంగా ఉన్నదాన్ని నలుగురూ కలిసి తేలిక చేసుకున్నారు. 'ఇన్విన్సిబుల్' అనే అమెరికా యానిమేషన్ సిరీస్ 2021లో వచ్చినప్పుడు, తండ్రి కొడుకుని చావగొట్టి నిలదీసే ఘట్టం కూడా కొద్ది రోజుల్లోనే మీమ్ అయిపోయింది.

విలన్‌ని చంపినప్పుడు వేసే ఈలలు వేరు. అందులో న్యాయం జరిగిందన్న సంతోషం ఉంటుంది. జిల్మన్, బ్రయంట్ అనే పరిశోధకులు 1975లో పిల్లలకు ఒక కథను రకరకాల ముగింపులతో చూపించారు. నాలుగేళ్ల వాళ్లు చెడ్డవాడికి ఎంత ఘోరమైన శిక్ష పడితే అంత ఆనందపడ్డారు. ఏడెనిమిదేళ్ల వాళ్లకు తప్పుకు తగ్గ శిక్షే నచ్చింది. కాబట్టి మీవాడు ఈల వేస్తే తిట్టకుండా "వాడికి అంత శిక్ష అవసరమా?" అని అడిగి చూడండి. పది నిమిషాలు వాదిస్తాడు. ఆ వాదనలో మీ పిల్లవాడి మనసు మీకు తెలుస్తుంది.

నేను జాగ్రత్తపడే నవ్వు ఒకటుంది. బొమ్మకి కాదు, నిజంగా నొప్పి పడుతున్న ప్రాణికి నవ్వడం. వీధికుక్కను కొట్టి నవ్వేవాళ్లను, తోటి పిల్లవాడి చెయ్యి విరిగితే నవ్వేవాళ్లను ఆలస్యం చేయకుండా తీసుకురావాలి. వాళ్లు ఏ సీరియల్ చూస్తున్నారన్నది అక్కడ నేను అడిగే మొదటి ప్రశ్న కాదు. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అన్నది మొదటి ప్రశ్న.

అపోహ: చూసిందే చేస్తారు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది కాబట్టే కొట్టిపారేయలేం. అమెరికాలో ఆల్బర్ట్ బండూరా 1961లో మొదలుపెట్టిన ప్రయోగాలు మా చదువులో మొదటి ఏడాదే చెబుతారు. పెద్దవాళ్లు గాలిబొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ కొట్టారు. 1963లో సినిమాగా చూపించినా, కార్టూన్ పిల్లి వేషంలో చూపించినా అలాగే చేశారు. అంటే "బొమ్మలే కదా, ఏం కాదులే" అనడం కూడా తప్పే. అయితే అక్కడ కొట్టింది బొమ్మని, అదీ చూసిన వెంటనే. మనిషిని కొట్టడం దాకా అది వెళ్తుందని ఆ ప్రయోగం చెప్పదు.

నాకు బాగా ముఖ్యమనిపించేది 1965లో ఆయన చేసింది. కొట్టినవాడికి శిక్ష పడినట్టు చూపించినప్పుడు పిల్లలు అనుకరించడం తగ్గింది. దెబ్బ తర్వాత కథ ఏం చూపించిందన్నది లెక్కలోకి వస్తుందన్నమాట. రీల్స్ సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. పూర్తి ఎపిసోడ్‌లో చావు తర్వాత ఏడుపు ఉంటుంది, అపరాధభావం ఉంటుంది, బతికినవాళ్లు మోయాల్సిన బరువు ఉంటుంది. పదిహేను సెకన్ల ముక్కలో కత్తి, రక్తం, డీజే పాట మాత్రమే మిగులుతాయి. సిరీస్‌ని పూర్తిగా చూసిన అభిమానులు గంటలకొద్దీ పాత్రల గురించి మాట్లాడతారు. ముక్కలు మాత్రమే చూసే పిల్లలకు పాత్ర పేరు కూడా తెలియదు, దెబ్బ ఎలా పడిందో మాత్రం తెలుసు. నా ఆందోళన ఈ రెండో రకం చూపు గురించే.

నేరం దాకా వెళ్లే హింసకు ఒకే కారణం ఉండదు. వీడియో గేమ్‌లపై అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చేసిన తీర్మానం కూడా ఇదే చెబుతుంది: అరవడం, తోయడం లాంటి దూకుడుతో చిన్నపాటి సంబంధం ఉంది, తీవ్రమైన హింసకు వాటినే కారణంగా చూపడానికి తగిన ఆధారం లేదు.

అపోహ: కోపంగా ఉన్నప్పుడు కొట్లాట సీన్లు చూస్తే కోపం దిగిపోతుంది.

వాస్తవం: ఇది పిల్లల అపోహ, ఇంటర్ వాళ్లు చాలా నమ్మకంగా చెబుతారు. దిగదు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో కోపంలో ఉన్నవాళ్ల చేత పంచింగ్ బ్యాగ్ కొట్టించి చూశారు. తమకు కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ కొట్టినవాళ్లకు కోపం ఇంకా పెరిగింది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లే నయం. కోపంలో ఉన్నప్పుడు పెన్న ఒడ్డుకు నడిచిరా, మిద్దెమీదికి వెళ్లి కూర్చో, అంతే చెబుతాను.

అపోహ: ఈ రక్తపాతం మన సంస్కృతిలో లేదు, బయటినుంచి వచ్చింది.

వాస్తవం: నెల్లూరులో కూర్చుని ఈ మాట అనడం నాకు బాధగా ఉంటుంది. మన తిక్కన సోమయాజి విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగే ఘట్టం వాటిలోదే. పెంచలకోన తిరునాళ్లకు పిల్లల్ని భుజాన ఎక్కించుకుని వెళతాం. అక్కడ పటాల అంగట్లో నరసింహస్వామి హిరణ్యకశిపుడి కడుపు చీల్చి పేగులు మెడలో వేసుకుని ఉంటాడు. మూడేళ్ల పిల్లలు కూడా చూస్తారు, భయపడి నిద్ర మానుకున్నారని ఎవరూ నా దగ్గరికి తేలేదు.

తేడా ఎక్కడుంది? పక్కన అవ్వో తాతో ఉంటారు. ప్రహ్లాదుడి సంగతి ముందు చెబుతారు, తర్వాత స్వామి ఎలా శాంతించాడో చెబుతారు. భారతంలో యుద్ధం అయ్యాక స్త్రీపర్వం ఉంది. గాంధారి కొడుకుల శవాల మధ్య తిరుగుతూ ఏడ్చింది వినకుండా ఎవరూ రాజ్యపాలన దాకా రాలేరు. జపాన్ సిరీస్ అయినా, అమెరికా సిరీస్ అయినా నేను ఆ కొలతతోనే చూస్తాను. రక్తం తర్వాత ఏడుపుకి చోటిచ్చిందా, లేదా? ఇచ్చిన సిరీస్‌ను పదహారు దాటిన పిల్లలతో కలిసి కూర్చుని చూడమని నేనే చెప్పిన ఇళ్లున్నాయి.

అపోహ: "అది నిజం కాదమ్మా" అని చెబితే చిన్నపిల్లల భయం పోతుంది.

వాస్తవం: ఏడేళ్ల లోపు వాళ్లకు ఆ మాట పెద్దగా పనిచేయదు. అమెరికాలో జొయాన్ కాంటర్ ఏళ్ల తరబడి పిల్లల భయాలపై పనిచేశారు. చిన్నవాళ్లు రూపాన్ని చూసి భయపడతారు, కాస్త పెద్ద పిల్లలు 'నిజంగా జరగొచ్చు' అనిపించేదానికి భయపడతారు. వివరణ ఆ పెద్ద పిల్లలకే ఉపయోగం. చిన్నవాళ్లకు ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, మంచినీళ్లు తాగించడం, లైటు వెయ్యడం, ధ్యాస మళ్లించడం పనిచేస్తాయి.

నా దగ్గరికి వచ్చే కేసుల్లో నిజంగా దెబ్బతిన్నవాళ్లు చాలావరకు అభిమానులు కాదు, వాళ్ల చెల్లెళ్లు, తమ్ముళ్లు. అన్న హాల్లో టీవీ పెడతాడు, అమ్మ వంటింట్లో ఉంటుంది, యూకేజీ పాప మంచం మీద బొమ్మతో ఆడుకుంటూ ఉంటుంది. చూడట్లేదనే అందరూ అనుకుంటారు. నెల తర్వాత బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్లదు, పక్క తడుపుతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. కాయితం, రంగు పెన్సిళ్లు ఇస్తే నోరు చెవులదాకా చీలిన ముఖం గీస్తుంది. అన్నని పిలిచి చూపిస్తే వెంటనే గుర్తుపడతాడు. అభిమానులకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: చిన్నపిల్లలు ఆ గదిలో ఉంటే వద్దు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే శబ్దమే ఆగుతుంది, తెర ఆగదు.

అపోహ: ఆ ఎపిసోడ్ చూసి నాకు ట్రామా వచ్చింది.

వాస్తవం: ఇష్టమైన పాత్ర ఘోరంగా చనిపోతే రెండు మూడు రోజులు అన్నం సయించకపోవడం మామూలే, ఆ బాధ నిజమైనదే. దాన్ని ఎగతాళి చేయొద్దు. కానీ అది పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత వచ్చే మానసిక జబ్బు, కాదు. మానసిక జబ్బులను నిర్ధారించడానికి వాడే అమెరికా పుస్తకం, 2013 నాటి డీఎస్ఎం-5 ప్రకారం టీవీలోనో ఫోన్లోనో చూసినదాన్ని బట్టి ఆ జబ్బు ఉందని తేల్చకూడదు. నిజమైన ఘోరాలను ఉద్యోగరీత్యా చూడాల్సి వచ్చేవాళ్లకే అందులో మినహాయింపు.

అపోహ: హింస చూస్తే ఫిట్స్ వస్తాయి.

వాస్తవం: రక్తానికి రావు, వేగంగా మెరిసే వెలుగుకు కొందరికి వస్తాయి. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ ఎపిసోడ్ చూస్తూ ఆరువందల మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. అందులో రక్తం లేదు, ఎరుపు నీలం కాంతులు గబగబా మెరిశాయంతే. గదిలో లైటు వేసి, తెరకు దూరంగా కూర్చోవాలి. ఒకసారి ఫిట్స్ వచ్చి ఉంటే న్యూరాలజిస్టుని అడిగాకే చూడాలి.

ఇక ఎప్పుడు తీసుకురావాలి? రెండు వారాలు దాటినా నిద్ర సరిగ్గా పట్టకపోతే, ఒంటరిగా ఉండలేకపోతే, బడికి వెళ్లనంటే, తనకు తాను గాయం చేసుకుంటే, కథ గురించి కాకుండా ఫలానా మనిషిని అలా చేస్తానని పేరు పెట్టి మాట్లాడితే. చివరి రెండింటికీ రెండు వారాలు ఆగనక్కర్లేదు, ఆ రోజే రండి. ఊళ్లో డాక్టరు లేకపోతే టెలీ మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయాల్సింది పిల్లలే కానక్కర్లేదు, తల్లిదండ్రులు కూడా చేయొచ్చు.