500 టన్నుల గీతకు దిగువన

ఓడలు, రేవుల భద్రతకు నేడు దాదాపు అన్ని దేశాలూ ప్రమాణంగా తీసుకునే ఐఎస్‌పీఎస్ కోడ్ 2004 జులై 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఉన్నది ప్రధానంగా శిక్షల ఒప్పందం. 1985లో ఇటలీ ప్రయాణికుల ఓడ ‘అకిలె లౌరో’ హైజాక్ అయ్యాక 1988లో రోమ్‌లో కుదిరింది. నిందితుణ్ని విచారించాలి, లేదా అప్పగించాలి అంటుందది. నేరం జరక్కుండా రేవులో ఏం చేయాలో చెప్పదు.

2000 అక్టోబరులో యెమెన్‌లోని ఏడెన్‌లో ఇంధనం నింపుకుంటున్న అమెరికా యుద్ధనౌక ‘కోల్’ పక్కకు పేలుడు పదార్థాలతో చిన్న పడవ వచ్చింది. 17 మంది నావికులు చనిపోయారు. రెండేళ్లకు యెమెన్ తీరంలోనే ‘లింబర్గ్’ అనే చమురు ఓడ మీదా అదే ఎత్తు. రెండుసార్లూ ఆయుధం చిన్న పడవే. అయినా సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002 డిసెంబరులో లండన్‌లో ఆమోదించిన కోడ్ విదేశీ ప్రయాణాలు చేసే ప్రయాణికుల ఓడలకు, 500 గ్రాస్ టన్నేజి (ఓడ లోపలి పరిమాణానికి కొలత), ఆపైన ఉన్న సరుకు ఓడలకు, అవి ఆగే రేవులకు మాత్రమే వర్తించేలా గీత గీసింది.

గీతకు పైన మాత్రం పని పకడ్బందీగానే జరిగింది. ఓడకో భద్రతాధికారి, రేవుకో భద్రతాధికారి, మూడు అప్రమత్తతా స్థాయిలు. రేవు రెండో స్థాయిలో ఉంటే, అక్కడికొచ్చే ఓడ ఒకటో స్థాయిలో ఉండటానికి వీల్లేదు. ఓడలో కనీసం రెండు చోట్ల రహస్య అలారం మీట ఉండాలి, అందులో ఒకటి ఓడను నడిపే చోట, అంటే బ్రిడ్జి మీద. నొక్కితే ఓడలో చప్పుడు రాదు, పక్క ఓడలకూ తెలియదు. ఓడ పేరు, ఉన్న చోటు ఒడ్డుకు చేరతాయి. చెయ్యి తగిలి పొరపాటున నొక్కుకోకుండా మీటకు మూత పెడతారు.

2008 నవంబరులో పది మంది ఉగ్రవాదులు ‘కుబేర్’ అనే గుజరాత్ చేపల బోటును సముద్రంలో పట్టుకుని ముంబై దాకా వచ్చారు. చివరి దూరం రబ్బరు పడవలో దాటి కొలాబా దగ్గర మత్స్యకారుల వాడలో దిగారు. ఏ రేవు గేటూ వాళ్లకు అడ్డం రాలేదు. గీతకు దిగువన ఉన్న చిన్న పడవలకు రేవు గేటు దాటాల్సిన అవసరమే లేదు.

2009లో సముద్ర భద్రత మొత్తం బాధ్యత నౌకాదళానికి, తీరజలాల బాధ్యత కోస్ట్ గార్డ్‌కు అప్పగించారు. ముంబై, విశాఖ, కొచ్చి, పోర్ట్‌బ్లెయిర్‌లలో ఈ రెండూ, ఇతర సంస్థలూ కలిసి పనిచేసే ఉమ్మడి కేంద్రాలు వచ్చాయి. తీరం వెంట 46 రాడార్లు పెట్టారు. 20 మీటర్లు దాటిన బోట్లకు ఏఐఎస్ (బోటు గుర్తింపు, ఉన్న చోటు రేడియో ద్వారా తెలిపే పరికరం) తప్పనిసరి అయింది. మత్స్యకారులకు గుర్తింపు కార్డులు ఇచ్చారు.

చిక్కు ఇంకా చిన్న బోట్ల దగ్గరే ఉంది. చెక్క, ఫైబర్ బోట్లు నీటికి బాగా దగ్గరగా ఉంటాయి. రాడార్‌కు తిరిగొచ్చే ప్రతిధ్వని బలహీనం, అల లేస్తే అందులో కలిసిపోతుంది. ఏఐఎస్‌ను ఆపేస్తే ఆ బోటు తెర మీద ఉండదు. విశాఖలో అయితే వాణిజ్య ఓడలు, నౌకాదళం, ఫిషింగ్ హార్బర్ పక్కపక్కనే ఉన్నాయి. వేటకు వెళ్లే బోట్లలో తేడాగా కదిలే బోటును ముందుగా పసిగట్టేది తోటి మత్స్యకారుడే. అందుకే కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసులు వాళ్ల వాడల్లో అవగాహన సభలు పెడుతుంటారు, కబురు చెప్పడానికి 1554, 1093 నంబర్లు ఇస్తుంటారు.