ఖాళీగా కూర్చున్న నటి నేర్చుకున్న పని

చిరంజీవులైన నా మనవడికి, మనవరాళ్ళకు మీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి మీరంతా వచ్చినప్పుడు భోజనాల దగ్గర మొదలైన వాదన నేనింకా మరచిపోలేదు. బాగా నటించేవాళ్ళకు దర్శకత్వం దానంతటదే పట్టుబడుతుందని మీలో ఒకరు, నటనకూ దర్శకత్వానికీ సంబంధమే లేదని మరొకరు పట్టుపట్టారు. సినిమాలు తీసినవాళ్ళు టీవీకి వెళ్ళడమంటే మెట్లు దిగడమేనని పెద్ద మనవరాలు తీర్పు కూడా చెప్పేసింది. ఆ వేళ వడ్డన నా చేతిలో ఉండడం వల్ల మాటకు మాట చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిక చిక్కింది కనుక, మీ ముగ్గురికీ ఒకే మనిషి జీవితంలో నుంచి జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆ మనిషి హాలీవుడ్ నటి, దర్శకురాలు ఇడా లుపినో.

ఆమె 1918 ఫిబ్రవరి 4న లండన్‌లో పుట్టింది. తండ్రి స్టాన్లీ లుపినో రంగస్థలం మీద పేరుమోసిన హాస్యనటుడు, తల్లి కోనీ ఎమరాల్డ్ కూడా నటే. మన సురభి కుటుంబాలలో పిల్లలు ఊహ తెలియకముందే రంగస్థలం ఎక్కినట్టు, ఆ ఇంట్లో కూడా నటన అనేది విడిగా ఎంచుకునే వృత్తి కాదు, పుట్టుకతో వచ్చే పని. 1932లో, పద్నాలుగేళ్ళ వయసుకే సినిమాలో నాయిక వేషం వేసి, మరుసటి సంవత్సరం హాలీవుడ్ చేరింది. అక్కడ మొదట్లో ఆమె జుట్టుకు బంగారు రంగు వేయించి బొమ్మలాంటి పాత్రలు ఇచ్చారు. 1934లో ఆమెకు పోలియో సోకింది. అదృష్టవశాత్తూ కోలుకుంది కానీ, ముఖాన్నీ శరీరాన్నీ మాత్రమే నమ్ముకుని బతకడం ఎంత ప్రమాదమో ఆ వయసులోనే ఆమెకు అర్థమైంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1940లో వచ్చిన «దే డ్రైవ్ బై నైట్» చిత్రంలో కోర్టు బోనులో మతి చలించిన స్త్రీగా ఆమె చేసిన నటన చూశాక వార్నర్ బ్రదర్స్ స్టూడియో ఆమెను వదలలేదు. మరుసటి ఏడాది వచ్చిన «హై సియెర్రా»లో కథానాయకుడు హంఫ్రీ బోగార్ట్ పేరుకంటే పైన ఆమె పేరు వేశారు. 1943 నాటి «ది హార్డ్ వే» చిత్రానికి న్యూయార్క్ విమర్శకులు ఉత్తమ నటిగా పురస్కారం ఇచ్చారు. నటిగా ఆమె కథ ఇంతటితో పూర్తిగా చెప్పినట్టు కాదు కానీ, మనకు కావలసింది ఆ తరువాతి భాగం.

ఆ రోజులలో హాలీవుడ్‌లో నటీనటులు స్టూడియోకు ఏడేళ్ళ ఒప్పందం రాసి ఇచ్చి, నెలజీతగాళ్ళలాగా పని చేసేవారు. స్టూడియో ఇచ్చిన వేషం వద్దంటే జీతం ఆపి పక్కన కూర్చోబెట్టేవారు, దానినే సస్పెన్షన్ అనేవారు. అంతటితో ఆగకుండా, అలా కూర్చున్న రోజులన్నీ ఒప్పందం చివర కలిపి రాబట్టుకునేవారు కూడా. ఒలీవియా డి హావిలాండ్ అనే నటి కోర్టుకెక్కి 1944లో గెలిచిన తరువాత గానీ ఆ అన్యాయం తొలగలేదు. ఇడా చాలా వేషాలను నిరాకరించింది, చాలాసార్లు సస్పెండ్ అయింది. జీతం లేని ఆ రోజులలో ఇంట్లో కూర్చుని దిగులుపడకుండా, ఇతరుల సినిమాలు తీసే చోటికి వెళ్ళి కెమెరా పక్కన నిలబడి గమనించింది. ఎడిటింగ్ గదులలో కూర్చుని, ముక్కలుగా తీసిన షాట్లు కథగా ఎలా అతుక్కుంటాయో చూసింది. నటిగా సెట్టులో ఉన్నప్పుడు కూడా, తనను ఖాళీగా కూర్చోబెట్టి, ఆసక్తికరమైన పని అంతా ఇంకెవరో చేస్తున్నట్టు అనిపించేదని తరువాతి కాలంలో ఆమె చెప్పుకుంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. కాలేజీ నాటకాలలో నాకు వేషాలు ఇచ్చేవారు కాదు, తెర పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెప్పే పని అప్పగించేవారు. వేషం కట్టినవారికి తమ మాటలు, వాటికి ముందు వచ్చే మాట మాత్రమే తెలుస్తాయి. ప్రాంప్టరుకు మాత్రం అందరి మాటలూ, ఎవరు ఎప్పుడు ఏ పక్కనుంచి వస్తారో, ఎక్కడ నాటకం చప్పబడుతుందో అన్నీ తెలిసిపోతాయి. సినిమాలో ఈ తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ కథను వరసగా తీయరు. చావు సన్నివేశం సోమవారం తీసి, పెళ్ళి సన్నివేశం గురువారం తీస్తారు. నటికి ఆ పూట సన్నివేశం తెలిస్తే సరిపోతుంది, కథ మొత్తాన్ని తలలో వరసగా నిలుపుకోవలసినవారు దర్శకులు. ఇడా నటిగా ఎంత గొప్పదైనా, దర్శకత్వం ఆమెకు నటన వల్ల రాలేదని, ఆ ప్రాంప్టరు స్థానంలో నిలబడి చూడడం వల్ల వచ్చిందని నా నమ్మకం.

1947లో వార్నర్ బ్రదర్స్ నుంచి బయటపడి, ఆ తరువాత భర్త కోలియర్ యంగ్‌తో కలసి సొంత నిర్మాణ సంస్థ మొదలుపెట్టింది. దానికే తరువాత ‘ది ఫిల్మేకర్స్’ అని పేరు. పెళ్ళికాకుండా తల్లి అయిన ఒక అమ్మాయి కథతో 1949లో «నాట్ వాంటెడ్» తీయడానికి పూనుకుని, మూకీ సినిమాల కాలం నాటి ఎల్మర్ క్లిఫ్టన్‌ను దర్శకుడిగా పెట్టుకున్నారు. పని మొదలవుతూనే ఆయనకు గుండెపోటు వచ్చింది. మరొక దర్శకుడిని పిలిచేందుకు డబ్బు లేకపోవడంతో ఇడా స్వయంగా ఆ పని పూర్తి చేసింది. అయినా తెర మీద దర్శకుడిగా ఆయన పేరే ఉంచింది. ఆమె పేరు దర్శకురాలిగా పడిన మొదటి చిత్రం «నెవర్ ఫియర్»లో కథానాయిక పోలియో సోకిన నర్తకి. నేను గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇదే. తన వ్యాధిని గురించి ఎవరి దగ్గరా వాపోకుండా, పదిహేనేళ్ళ తరువాత దానిని తన వృత్తికి ముడిసరుకుగా వాడుకుంది. 1950లో తీసిన «అవుట్‌రేజ్» ఒక యువతిపై జరిగిన అఘాయిత్యం గురించినది. ఆ ఘోరాన్ని తెర మీద చూపకుండా, దాని తరువాత ఆ అమ్మాయి మనుషుల మధ్య తిరగడానికే ఎలా భయపడుతుందో చూపింది. అప్పటి హాలీవుడ్ ఆ మాట ఎత్తడానికే జంకేది.

ఆమె చిత్రాలలో నేను ఎక్కువసార్లు చూసింది 1953 నాటి «ది హిచ్-హైకర్». ఇద్దరు స్నేహితులు చేపలు పట్టుకోవడానికి కారులో బయలుదేరి, దారిలో చేయి చాపినవాడిని ఎక్కించుకుంటారు. వాడు హంతకుడు. వెనక సీట్లో తుపాకీ పట్టుకుని కూర్చున్న వాడి కళ్ళలో ఒకటి పూర్తిగా మూతపడదు. అందువల్ల రాత్రిపూట వాడు నిద్రపోయాడో, మేలుకుని చూస్తున్నాడో ఆ ఇద్దరికీ తెలియదు, మనకూ తెలియదు. ఖర్చు లేని చిన్న ఉపాయం, కానీ సినిమాలోని భయమంతా దాని మీదే నిలబడింది. కారు లోపల ముగ్గురు మగవాళ్ళు, బయట రాళ్ళూ ఎడారీ తప్ప ఇంకేమీ లేని కథను గంటా పది నిమిషాల పాటు ఎక్కడా సడలకుండా నడపాలంటే, ఎవరి ముఖం ఎంతసేపు చూపాలో తెలిసి ఉండాలి. కథ మెక్సికోలోకి వెళ్ళాక అక్కడివాళ్ళ స్పానిష్ మాటలకు కింద అనువాదం కూడా వేయలేదు. భాష రాని బందీలకు ఎంత అర్థమైతే మనకూ అంతే. 1998లో అమెరికా ప్రభుత్వం భద్రపరచవలసిన చిత్రాల జాబితాలో దీనిని చేర్చింది.

అదే సంవత్సరం «ది బిగమిస్ట్» అనే చిత్రాన్ని తీస్తూ అందులో తాను కూడా నటించింది. ఇద్దరు భార్యలున్న మగవాడి కథ. మొదటి భార్య వేషం జోన్ ఫాంటైన్ అనే నటిది, రెండో భార్య వేషం ఇడాది. స్క్రీన్‌ప్లే రాసి నిర్మించిన కోలియర్ యంగ్ అప్పటికి ఇడాతో విడిపోయి జోన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. మన వీధిలో చెబితే అందరూ ముక్కున వేలేసుకుంటారు. అయినా ఆ ముగ్గురూ కలసి, ఎవరినీ దుర్మార్గులుగా చూపకుండా ఒక పెద్దమనిషి తరహా చిత్రం తీశారు. సరిగ్గా ఆ 1953లోనే మద్రాసులో మన భానుమతిగారు, భర్త రామకృష్ణగారితో కలసి నడిపిన భరణి సంస్థ తరఫున «చండీరాణి»కి దర్శకత్వం వహించి, ప్రధాన పాత్ర తానే ధరించి, తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటిలోనూ తీశారు. ఈ ఇద్దరు నటీమణులూ భూగోళానికి చెరొక వైపు ఒకే ఏడు ఒకే సాహసం చేశారన్నది తలచుకుంటే నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇక పెద్ద మనవరాలి తీర్పు దగ్గరికి వస్తాను. తమ చిత్రాలను తామే పంపిణీ చేసుకోబోయి ఫిల్మేకర్స్ సంస్థ దెబ్బతిని మూతపడింది. ఇడా 1956 నుంచి టీవీ కథలకు దర్శకత్వం చేయసాగింది. మూడో భర్త హవర్డ్ డఫ్‌తో కలసి «మిస్టర్ ఆడమ్స్ అండ్ ఈవ్» అనే టీవీ హాస్య ధారావాహికలో నటించింది కూడా. ఆ తరువాత పదేళ్ళకు పైగా పౌరుష కథలు, ముఠా కథలు, దెయ్యాల కథలు, ఇంటిల్లిపాదీ చూసే హాస్య కథలు పదుల సంఖ్యలో తీసింది. ఆడవారికి ప్రేమకథలు మాత్రమే అప్పగిస్తారని మీరు అనుకుంటారు, కానీ ఆమె దగ్గరకు గుర్రాలూ తుపాకులూ ఉన్న కథలే ఎక్కువగా వచ్చేవి. దర్శకుల సంఘంలో ఆమెకంటే ముందు చేరిన ఒకే ఒక్క మహిళ డొరొతీ అర్జ్నర్ 1943తోనే చిత్రాలు తీయడం మానేసింది. అందువల్ల సంఘం సమావేశాలలో ‘పెద్దమనుషులారా, మిస్ లుపినో’ అని సంబోధించేవారట.

టీవీ పని ఎలా ఉంటుందో తెలిస్తే దానిని మెట్లు దిగడం అనరు. అరగంట కథను సుమారు మూడు రోజులలో ముగించాలి. ముఖ్య పాత్రధారులు ఏడాది పొడుగునా అదే వేషంలో ఉంటారు కనుక ఆ పాత్ర గురించి వారికి దర్శకురాలికంటే ఎక్కువ తెలుసు, దర్శకురాలు ఆ వారానికి వచ్చిన చుట్టం మాత్రమే. వచ్చిన చుట్టమే పెత్తనం చేయాలి, అదీ ఎవరికీ కోపం రాకుండా. ఆమె శని, ఆదివారాలలో ఎవరూ లేని సెట్టుకు ఒంటరిగా వెళ్ళి, కెమెరా ఎక్కడ పెట్టాలో, ఎవరు ఎటు నడవాలో ముందే నిర్ణయించుకుని సోమవారం పనిలోకి దిగేది. తనకు తెలిసినదానికంటే తక్కువ తెలిసినట్టు కెమెరామన్ ముందు నటించేదాన్ననీ, అలా అయితే వారు మరింత సహకరించేవారనీ ఆమే చెప్పింది. నటన నిజంగా పనికివచ్చింది అక్కడేనేమో! సెట్టులో అందరూ ఆమెను ‘మదర్’ అని పిలిచేవారు, ఆమె కుర్చీ వెనక ‘మదర్ ఆఫ్ అస్ ఆల్’ అని రాసి ఉండేది. అంత తెలిసిన మనిషి మగవాళ్ళ అహం దెబ్బతినకుండా అమ్మ వేషం కట్టవలసి వచ్చిందే అని నాకు మనసులో కష్టంగానే ఉంటుంది. పెద్ద చిత్రాలు ఆమెకు మరిన్ని రాకపోవడం కూడా అన్యాయమే. 1966లో వచ్చిన «ది ట్రబుల్ విత్ ఏంజెల్స్», అంటే క్రైస్తవ సన్యాసినులు నడిపే బడిలో అల్లరి పిల్లల కథ, ఆమె దర్శకత్వం వహించిన చివరి సినిమా. తరువాత కూడా నటిస్తూ ఉండి, 1995 ఆగస్టు 3న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూసింది.

ఆమె టీవీ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ప్రతి భాగమూ ఒక విడి వింత కథగా సాగే «ది ట్విలైట్ జోన్» ధారావాహికలోని ఒక భాగం. 1959లో ఆ ధారావాహికలోనే, తన పాత సినిమాలు తానే వేసుకుని చూసుకుంటూ గదిలో ఉండిపోయిన ఒక నటిగా ఇడా నటించింది. 1964 మార్చిలో ప్రసారమైన «ది మాస్క్స్» అనే భాగానికి దర్శకత్వం వహించింది. ఆ పాత ధారావాహికకు దర్శకత్వం చేసిన ఏకైక మహిళ, అందులో ఒక భాగంలో నటించి మరొక భాగాన్ని తీసిన ఏకైక వ్యక్తి కూడా ఆమే. కథ ఇది. న్యూ ఆర్లియన్స్‌లో పండుగ రాత్రి. చావుకు సిద్ధంగా ఉన్న ధనవంతుడైన ముసలాయన, ఆస్తి కోసం కాచుకున్న కూతురిని, అల్లుడిని, మనవడిని, మనవరాలిని పిలిచి, అర్ధరాత్రి దాకా వికారమైన ముసుగులు పెట్టుకుని కూర్చుంటేనే డబ్బు దక్కుతుందని షరతు పెడతాడు. ముసుగులు తీశాక ఏమవుతుందో మీకు చెప్పను.

నటులకు ఉన్న పెద్ద ఆస్తి ముఖం. ఆ ముఖాలన్నిటినీ కదలిక లేని ముసుగులతో కప్పేసి, గొంతుతోనూ మెడతోనూ చేతులతోనూ మాత్రమే లోభాన్ని, విసుగును, పొగరును పలికించాలంటే, ముఖం లేనప్పుడు నటించడం ఎంత కష్టమో ఒంటికి తెలిసిన మనిషి కావాలి. మనవడూ, నటనకు దర్శకత్వానికి సంబంధమే లేదన్నావు చూడు, నీ మాటకు నా జవాబు ఇదే. వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఆ పాతిక నిమిషాల భాగాన్ని మనం రెండుసార్లు చూద్దాం. మొదటిసారి మామూలుగా, రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి. రెండోసారి చూసేటప్పుడు ముసుగుల వంక చూడకండి, కుర్చీ చేతుల మీద ఆడే వాళ్ళ వేళ్ళు చూడండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ